గలాలీలో మా తమ్ముడి పురుడు

బహ్రెయిన్‌లో చూడటానికి ఏముందని మా వాడకట్టులో అందరూ అడుగుతున్నారు. ఎండ, ఉప్పుగాలి, కార్లు. అంతే. చూసి రావాలని ఎవరికైనా ఉంటే ఆ పైసలతో ఇంటికి సున్నం వేయించుకోండి. నేను చూడటానికి పోలేదు. బాలింతకు, పసిపిల్లకు నీళ్లు పోయడానికని చెప్పి పోయాను. అది పైకి చెప్పిన మాట. లోపలి మాట ఏమిటంటే, మా తమ్ముడు నర్సయ్య ఉన్నాడో పోయాడో తేల్చుకోవాలని.

సిగ్గుపడే సంగతి ముందే చెప్పేస్తాను. ఆ తమ్ముడికి మేము దినాలు చేసేశాం.

మేము మేదరోళ్లం. వెదురు చీల్చి తట్టలు, గంపలు, చేటలు అల్లే కులం. నర్సయ్య ఇంట్లో ఆఖరివాడు, నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. ఇరవై మూడేళ్లప్పుడు దుబాయి పోతున్నానని పోయాడు. మా దిక్కు గల్ఫులో ఏ దేశమైనా దుబాయే. వాడు ఉన్నది బహ్రెయిన్‌లో అని ఉత్తరం మీద ముద్ర చూసి పోస్టుమాస్టరు చెబితే తెలిసింది. నాలుగేళ్లు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. మా అమ్మ మాత్రం రోజూ వాడి వంతు అన్నం వేరే గిన్నెలో తీసిపెట్టేది. తొమ్మిదేళ్లు అట్లా పెట్టి పెట్టి చనిపోయింది. అప్పుడు కులపెద్ద అన్నాడు: “ఒక్కడే కొడుకు. ఉన్నడంటె తీసుకరాండ్రి, లేడంటె లేడని తేల్చుండ్రి. గిట్ల నడుమల వెట్టి తల్లికి పిండం వెడితె ముట్టది.” అందరూ నా ముఖం చూశారు. “లేడు” అన్నాను. నేనే అన్నాను. శవం లేనప్పుడు బొమ్మను కాల్చాలి. వెదురు బద్దలతో ఆ మనిషి బొమ్మను అల్లింది కూడా నేనే. మోదుగాకులు కట్టి కాల్చారు.

మూడేళ్లు గడిచాక ఒక పెళ్లిలో, బహ్రెయిన్ నుంచి సెలవు మీద వచ్చిన లింగయ్య నా పక్కన కూర్చుని, “పెద్దవ్వా, మీ నర్సిగాన్ని మనామా బజార్ల చూసిన. పిలిస్తె మర్లి చూడలే. జల్ది జల్ది నడిచిండు” అన్నాడు. “తాగి ఒర్రకు” అని తిట్టాను. తిట్టి, తినకుండానే విస్తరి మడిచేశాను.

దేవుడు చేశాడో ఏమో, ఆరు నెలలకు సువర్ణ ఫోను వచ్చింది. నేను ముప్పై ఏళ్లు మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయాను. అక్కడ నర్సుగా ఉన్న గుంటూరు పిల్ల సువర్ణే నాకు యాభై రెండేళ్ల వయసులో అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు బహ్రెయిన్‌లో, సల్మానియాలో ఉన్న పెద్దాసుపత్రిలో ఉద్యోగం. “రాజవ్వా, నాకు నెలలు నిండతన్నాయి. అమ్మ లేదు గదా, నువ్వే రావాల” అంది. ఏ నెల అని కూడా అడగలేదు. వస్తానన్నాను.

విమానంలో

అందరూ మగవాళ్లే. ఎక్కేటప్పుడు గట్టిగా మాట్లాడినవాళ్లు విమానం లేవగానే కిటికీలకు అతుక్కుని ఊరుకున్నారు. నా పక్కన ఆర్మూరు దిక్కు మనిషి ఒళ్లో మామిడికాయ తొక్కు డబ్బా పెట్టుకుని, దిగే ముందు నింపాల్సిన కాగితం నా చేతికిచ్చాడు.

“అవ్వా, సదువస్తదా? జర నింపు.”

“నాకచ్చినయి యాభై ఆరు అచ్చరాలు కొడుకా. దీని మీద అండ్ల ఒక్కటి లేదు.”

మా ఇద్దరి కాగితాలూ వెనక సీటు మలయాళీ నింపాడు. నా వయసు అడిగితే యాభై ఎనిమిది అన్నాను. రాసుకుని, మొగుడి పేరు అడిగి, “ఉన్నాడా?” అన్నాడు. లేడన్నాను. ఈ ముక్క అనడం నాకు బాగా అలవాటైపోయిందని అప్పుడనిపించింది.

సల్మానియా

సువర్ణ ఇల్లు నాలుగో అంతస్తులో. మొగుడు ప్రభుదాసు ఏదో ఆఫీసులో లెక్కలు చూస్తాడు, నెమ్మదైన మనిషి. బయట కొలిమి, లోపల మాఘమాసపు చలి. మా వాడకట్టులో ఏసీ చలికి ఎండాకాలంలో దుప్పటి కప్పుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మొదటి రోజే చేయి కాల్చుకున్నాను. చన్నీళ్ల కుళాయి తిప్పితే సలసల కాగే నీళ్లు వచ్చాయి. మేడ మీద తొట్టి ఎండకు కాగిపోతుందట. అందుకని వేసవిలో అక్కడివాళ్లు స్నానాల గదిలో వేడినీళ్ల పీపాకు కరెంటు ఆపేసి, నీడలో చల్లబడిన ఆ నీళ్లు వాడుకుంటారు. అంటే వేడి కుళాయిలో చల్లవి, చల్ల కుళాయిలో వేడివి. ముప్పై ఏళ్లు పసిపిల్లలకు వేడీ చల్లా కలిపి నీళ్లు తొరిపిన చేయి నాది. ఆ ఊళ్లో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను.

రెండో రోజు పొద్దున గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గు వేస్తే ఎదురింటి ఫిలిప్పీను పిల్ల బూటు కాలితో తొక్కి జారిపడింది. లేచి నాకే దండం పెట్టి క్షమించమంది. తప్పు నాది, దండం ఆమెది. ముగ్గు మానేశాను.

వారానికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి నాకూ సువర్ణకూ పథ్యం మీద కొట్లాట. మా దిక్కు బాలింతకు పాత బియ్యం అన్నం, ఎల్లిపాయ కారం, నెయ్యి, అంతే. చేప వాసన కూడా తగలనివ్వం.

“ఆ కారం తింటే పాలు పడవు రాజవ్వా. మా వైపు పాలసొర చేప పెడతారు. ఉడికించి, పొడిచేసి, పుట్టు వండి రెండు పూటలా తినాల” అని సువర్ణ.

“బాలింతకు షాపనా? వాతం జేసి పండవెడ్తది.”

“నేను నర్సుని.”

“నువ్వు నర్సుకాక ముందటి సంది నేను ఆయాను.”

ప్రభుదాసు ఇద్దరికీ అందనంత దూరంలో కూర్చుని పిల్లను ఊపేవాడు.

అక్కడి ధరలు అడుగుతారని రాస్తున్నాను. ఒక దినారు మన నూరు రూపాయల పైమాటే. దాన్ని వెయ్యి ఫిల్సులుగా చీల్చారు. వంద ఫిల్సులిస్తే గోడలోని పొయ్యిలోంచి అప్పుడే తీసిన పెద్ద రొట్టెలు కాగితంలో చుట్టి ఇస్తాడు. కరివేపాకు మాత్రం బంగారం. మన పెరట్లో మేకలు తినేది అక్కడ తూచి అమ్ముతారు.

శుక్రవారం

అక్కడ ఆదివారం పని, శుక్రవారం సెలవు. తెలుగు క్రైస్తవులంతా శుక్రవారం ఒక హాలులో కూడుకుంటారు. నేను వచ్చిన అసలు పని సువర్ణకు చెబితే, ఆమె చెప్పి పంపింది, ప్రభుదాసు నన్ను తీసుకుపోయాడు. పాటలు బాగున్నాయి, ప్రసంగం పొడుగు. చివర్లో పాస్టరుగారు నేను తెచ్చిన నర్సయ్య పాత ఫోటో ఎత్తి పట్టుకుని, “ఈ సహోదరుణ్ణి ఎవరైనా చూశారా?” అని అడిగారు. ఎవరూ చూడలేదు. పులిహోర పెట్టారు. ఒకామె నా చేయి పట్టుకుని, “ప్రార్థనలో పెడతామండీ” అంది.

“పెట్టుండ్రమ్మా. మా దేవుళ్లకు గూడ చెప్పిన. ఎవలకు ముందు ఇనవడ్తె వాళ్లే తోలిద్దురు” అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వులకు అనలేదు.

సల్మాబాద్

మా దిక్కు మగవాళ్లుండేది సల్మాబాదులో. గ్యారేజీలు, గోదాములు, వాటి వెనక క్యాంపులు. ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. మరో శుక్రవారం పోతే మా పక్క ఊరి గంగారాం తలకాయ కూర వండుతున్నాడు. పదిహేనేళ్ల నుంచి అక్కడే ఉన్న తాపీమేస్త్రీ. నన్ను చూసి మంచాల మీదివాళ్లంతా లుంగీలు సర్దుకుని కిందికి దిగారు. ఒక ఆడమనిషి ఆ గదిలోకి వచ్చి ఎన్నేళ్లయిందో మరి.

ఫోటో చేతులు మారింది.

“ఈ మీసం అప్పుడు మా అందరికుండె అవ్వా” అన్నాడొకడు.

“నీకెప్పుడుండెరా మీసం? గిప్పుడు సుత లేదు” అన్నాడు ఇంకొకడు.

గంగారాం గరిట పక్కన పెట్టి చూశాడు. “కఫీలు కాడికెళ్లి పారిపోయినోడు ఊరు జెప్పడు, పేరు జెప్పడు. మనోళ్లను జూస్తె మొకం తిప్పుకుంటడు” అన్నాడు. కఫీలు అంటే వీసా ఇచ్చిన యజమాని. పాసుపోర్టు అతని దగ్గరే ఉంటుంది. అతన్ని వదిలి పారిపోతే మనిషికి కాగితం ఉండదు.

“మరెట్ల దొరుకుతడు?”

“గదే అవ్వా. ఇప్పుడు సర్కారు మాఫీ ఇచ్చింది. కాగితాలు లేనోళ్లు దండుగ కట్టకుంట ఇంటికి పోవచ్చు. మందలు మందలు పోతున్నరు. ఇంక గొన్ని దినాలె ఉన్నది. ఇంత మంది పోంగ మీవోడు బయటవడలేదంటె...”

“అంటె?”

ఆయన మళ్లీ గరిట తీసుకున్నాడు. “అన్నం తిని పో అవ్వా.”

తిన్నాను. ఆ కూరలో మా ఊరి కారం ఉంది. గంగారాం నోట్లో ఆగిన మాట కూడా నాకు అర్థమైంది. ఉంటే రావాలి. రాలేదంటే లేడు, లేదా రావడం ఇష్టం లేదు. రెండింట్లో ఏది మేలో తిరుగు దారిలో ఆలోచించాను. నా వీసా ఇంకో నెల, ఆ మాఫీ అంతకంటే తక్కువ.

గలాలీ

చివరికి సువర్ణే గెలిచింది. పిల్లకు పాలు చాలడం లేదు, పాలసొర తేవాల్సిందే. మార్కెట్లో అడిగితే పెద్ద సొరలు చూపించారు, పిల్లసొర లేదు. పొద్దున్నే గలాలీ రేవుకు పోతే పడవల దగ్గర దొరుకుతుందని ఎవరో చెప్పారు. గలాలీ అంటే ముహర్రక్ దీవిలో సముద్రం పక్కన పల్లె. నేను వస్తానంటే ప్రభుదాసు, “వాసన పడదన్నావు గదా రాజవ్వా” అన్నాడు. “మోసకచ్చుడే గద, తినేది ఆమె” అన్నాను.

రేవులో ఒక రేకుల షెడ్డు, దాని ముందు చేపల బోనులు గుట్టగా పోసి ఉన్నాయి. బోను అంటే ఇనుపతీగతో అల్లిన పెద్ద గంప, బోర్లించినట్టు ఉంటుంది. పక్కన లోపలికి సన్నగిల్లే మూతి. సముద్రంలో దించితే చేప లోపలికి పోతుంది, మళ్లీ దారి తెలియదు. వాళ్లు గర్గూర్ అంటారు. ప్రభుదాసు సొరల బేరంలో ఉంటే నేను ఆ గుట్ట దగ్గరికి పోయాను. అల్లిక చూస్తే ఆగలేను, కులపు జబ్బు.

మూతి అంచు దగ్గర నా చేయి ఆగిపోయింది.

మేము గంపకు అంచు కట్టేటప్పుడు కుడికి తిప్పుకుంటూ పోయి, ఆఖరి బద్దను రెండింటి కిందుగా, మూడోదాని మీదుగా తెచ్చి లోపల దాస్తాం. అది మా నాయన కట్టు. పక్క ఊరి మేదరోళ్లు కూడా అట్లా కట్టరు. ఇక్కడ తీగ రెండింటి కిందుగా పోయి మూడోదాని మీదుగా వచ్చి దాక్కుంది. కానీ ఎడమకు తిరిగింది. మా ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కడిదే. వాడు అల్లిన గంప అంచు తిరగేసి ఉంటే మా నాయన వెదురు బద్దతో వాడి ఎడమ చేయి మీద కొట్టేవాడు. కొట్టినా మారలేదు.

ఇంకో బోను చూశాను. ఇంకొకటి. అన్నీ ఎడమకే.

“ప్రభుదాసూ, ఇవి ఎవలల్లిండ్రో అడుగు” అన్నాను. బేరం గోలలో అతనికి వినపడలేదు. రెండోసారి అరిచాను.

షెడ్డు ముందు కూర్చున్న ముసలి జాలరిని ప్రభుదాసు హిందీలో అడిగాడు. అందరూ ఆయన్ని హాజీ అంటారు. తెల్లగడ్డం, మోకాళ్ల దాకా తడిసిన అంగీ. హాజీ నన్ను, ప్రభుదాసు ఇస్త్రీ చొక్కాను మార్చి మార్చి చూసి, “మాలూమ్ నై. బజార్ సే లాయా” అన్నాడు. తెలియదు, బజారులో కొన్నానని. ఆయన పక్కనే సగం అల్లిన బోను పడి ఉంది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

మమ్మల్ని చూసి సర్కారు మనుషులనుకున్నాడని అర్థమైంది. నేను ఎట్లా చెప్పాలి? ఆయన భాష నాకు రాదు. ఆ సగం బోను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. వదిలేసిన తీగ కొస పట్టుకుని అంచు కట్టడం మొదలుపెట్టాను. రెండింటి కింద, మూడోదాని మీద. నా చేయి కుడికే పోయింది. ఇనుపతీగ వెదురు కాదు, మాట వినదు. నాలుగు మలుపులకే వేలు తెగింది. హాజీ ఏదో అని లేచి వచ్చాడు. నా కట్టును చూశాడు, గుట్టలో ఉన్న కట్టును చూశాడు, షెడ్డు లోపలికి చూశాడు.

అప్పుడు షెడ్డులోంచి మాట వచ్చింది.

“అక్కా, అది వెదురు ఈరె కాదే. కటింగ్ ప్లేయర్‌తోని వట్టాలె. చెయ్యి తెగుతది.”

నేను తల తిప్పలేదు. లింగయ్య పిలిస్తే పారిపోయినవాడు. నేను తిరిగి చూస్తే మళ్లీ పోతాడేమోనని భయం. తీగ మీదే చూపు పెట్టి, “ఎట్ల వట్టాలె? అచ్చి చూపియ్యి” అన్నాను.

వచ్చాడు. ఎదురుగా కూర్చున్నాడు. నా చేతిలోంచి తీగ తీసుకున్నాడు. ఎడమ చేత్తో. అప్పుడు చూశాను. తల సగం నెరిసింది, మీసం లేదు, ముఖం ఎండిన చేప రంగు. కండ్లు మా అమ్మవి.

నేను కట్టింది విప్పి మళ్లీ ఎడమకు కట్టాడు. కట్టి, “నీ అంచు ఎప్పుడు వంకరనే” అన్నాడు.

హాజీ షెడ్డులో

హాజీ పాలు లేని టీ పోశాడు. ప్రభుదాసు దూరంగా పోయి నిలబడ్డాడు, మంచివాడు.

“మీరు నన్ను కాలవెట్టిండ్రట గద” అన్నాడు నర్సయ్య.

“ఎవల్జెప్పిండ్రు?”

కఫీలు పని మార్చి, జీతం ఆపితే పారిపోయానన్నాడు. పారిపోయినవాడు ఇంటికి ఏం రాస్తాడని రాయలేదన్నాడు. ఏళ్లు గడిచాయి. ఒకరోజు ఆగలేక మా ఊరి ఎస్టీడీ బూతుకు ఫోను చేస్తే, “నేను నర్సయ్యను, మా అమ్మను పిలువు” అనగానే అవతలివాడు, “నర్సయ్యకు, వాళ్లమ్మకు మొన్ననే దినాలు జేసిండ్రు. నువ్వెవనివిరా?” అని పెట్టేశాడట. అమ్మ పోయిందనీ, తాను పోయాడనీ వాడికి ఒకే మాటలో తెలిసింది.

“బొమ్మ ఎవలల్లిండ్రు?” అని అడిగాడు.

“నేనే.”

“మంచిగల్లినవా?”

“మంచిగనే అల్లిన. ఎత్తు నీ అంతే వెట్టిన.”

టీ గ్లాసు నేల మీద పెట్టాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

“అక్కా, అబద్ధమెందుకు, ఇన్నంక జర పానం తేలికైంది. సచ్చినోని కోసం ఎవలు ఎదురుసూడరు గద. గీ ముసలాయన బువ్వ వెడ్తడు, పని ఉన్నది, పండుకోను జాగ ఉన్నది. ఇదే ఇల్లు. ఆడ నాకేమున్నది? ఊరోళ్లు దయ్యాన్ని జూసినట్టు జూస్తరు.”

మాఫీ సంగతి ఎత్తాను. తెలుసన్నాడు. హాజీ తనను రెండుసార్లు పొమ్మన్నాడట, తానే పోలేదట.

నేను బతిమాలే మనిషిని కాను. “ఇంటికి రాకుంటె రాకు. నీ ఇష్టం. గని సచ్చినోని లెక్క మాత్రం ఉండకు. ‘లేడు’ అన్నది నేను. గా మాట నేనే మర్లేసుకోవాలె. ఆ పని గానియ్యి, ఎనుక నువ్వు ఈడ్నే ఉండు, నీళ్లల్ల దుంకు” అన్నాను.

ఇంటికి పోయేసరికి మధ్యాహ్నం. సువర్ణ తలుపు తీసి, “పాలసొర ఏది?” అంది. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. మరిచిపోయాం. సాయంత్రం హాజీ మనవడి కారులో సొరచేపలు వచ్చాయి, పైసలు తీసుకోలేదు. ఆ పూట పుట్టు నేనే చేశాను. పాలు పడ్డాయి కూడా. ఆ మాట మాత్రం సువర్ణ ముందు ఒప్పుకోలేదు.

పురుడు

ఫోను కార్డు కొని కులపెద్దకు మాట్లాడాను. ఆయన మొదట నమ్మలేదు, తర్వాత ఏడ్చాడు, తర్వాత మళ్లీ పెద్దరికం తెచ్చుకున్నాడు. “కాలవెట్టినోన్ని ఉత్తగ ఇంట్లకు తీసుకోవద్దు. మళ్లా పుట్టియ్యాలె. పిల్లలకు జేసినట్టే చేటల కూసోవెట్టి, నీళ్లు వోసి, కొత్తబట్ట కట్టి, చెవుల పేరు జెప్పుండ్రి” అన్నాడు. మా దిక్కు పుట్టిన బిడ్డను మొదట చేటలోనే పడుకోబెడతాం.

బహ్రెయిన్‌లో చేట ఎక్కడిది? ఉన్నవన్నీ ప్లాస్టికు తట్టలు. నర్సయ్యకు చెబితే, “ఈత కమ్మలున్నయి గద” అని ఖర్జూరపు మట్టలు చీల్చి తానే అల్లాడు. ఎందరో పసిపిల్లలను చూశాను. తన చేట తానే అల్లుకుని పుట్టినవాణ్ణి వీణ్ణొక్కణ్ణే చూశాను.

సువర్ణ నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. “మాలో కూడా మళ్లీ పుట్టడం ఉంది రాజవ్వా. నీళ్లలో ముంచి లేపుతారు” అంది. పిల్లకు ఇరవై ఒక్క రోజులు నిండగానే తానూ వస్తానని బయల్దేరింది. పిల్లను నా ఒళ్లో పెట్టుకుని గలాలీ పోయాం.

షెడ్డు వెనక చాటున నలభై ఏళ్ల మనిషి గోచీతో చేట మీద గొంతుక్కూర్చున్నాడు. చేట కిర్రుమంది, విరగలేదు. ప్రభుదాసు బకెట్లతో నీళ్లు అందించాడు. నేను పసుపు, నూనె రుద్ది తల మీదుగా పోశాను. హాజీ చూసి ప్రభుదాసును ఇదేమిటని అడిగాడు. ప్రభుదాసు ఏం చెప్పాడో కానీ ముసలాయన లోపలికి పోయి ఒక ఖర్జూరం తెచ్చాడు. వేళ్లతో మెత్తగా నలిపి నర్సయ్య నోట్లో పెట్టాడు. పుట్టిన బిడ్డకు వాళ్లలో మొదట నాకించేది అదేనట. మా దిక్కు ఆముదం చుక్క. నర్సయ్య అదృష్టవంతుడు.

కొత్త లుంగీ కట్టించి చెవి దగ్గర నోరు పెట్టాను. “నర్సయ్యా, నర్సయ్యా, నర్సయ్యా.”

“అదే పేరా?” అన్నాడు వాడు.

“ఇంకో పేరు వెట్టి అలవాటు జేసుకునే ఓపిక నాకు లేదు.”

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు, మొన్నటి నవ్వే. చేట మీద బొమ్మ లాగా కూర్చున్నాడు. కాన్పుల వార్డులో అన్నిటికంటే భయపడేది ఏడవని బిడ్డకే. అట్లాంటి బిడ్డ వీపు మీద చరుస్తాం. ఆలోచించకుండానే నా చేయి లేచింది. తడి వీపు మీద ఒక్కటి చరిచాను, గట్టిగానే.

“ఏడువురా” అన్నాను.

ఏడ్చాడు. మొదట గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు, తర్వాత నోరు తెరిచి, అమ్మా అని. సువర్ణ ఒళ్లో పిల్ల కూడా అందుకుంది. ప్రభుదాసు బకెట్టు పట్టుకుని అటు తిరిగాడు. హాజీ మాత్రం తల ఊపుతూ, “జైన్, జైన్” అన్నాడు. బాగుంది అని. నిజంగానే బాగుంది. అమ్మ పోయిన దగ్గర్నుంచి నా రొమ్ము మీద ఉన్న రాయి అప్పుడు దిగింది.

రమ్మని అడగలేదు. పిల్లను తీసుకుని వచ్చేశాం.

మూడో రోజు పొద్దున సల్మానియాలో బెల్లు మోగింది. తలుపు తీస్తే నర్సయ్య. గడ్డం గీసుకుని, చంకలో చిన్న సంచి.

“అక్కా, ఇంటికి పోయే ఔట్‌పాస్ కాగితానికి ఫోటోలు కావాలెనట. గీ దగ్గర్ల ఏడ దిగుతరు?”

“ముందుగాల చాయ్ తాగు” అన్నాను. వంటగదిలోకి పోయి పాలు పొయ్యి మీద పెట్టాను.

జగిత్యాల

ఇద్దరం ఒకే విమానంలో వచ్చాం. బయల్దేరే ముందు రేవులో హాజీ నర్సయ్య రెండు చెంపలూ ముద్దు పెట్టుకుని పడవెక్కి పోయాడు. విమానంలో ఉన్నంతసేపూ నర్సయ్య కిటికీ వైపు చూడలేదు, నాతోనే మాట్లాడాడు. ఇన్నేళ్లూ షెడ్డులో చెప్పులు తల కింద పెట్టుకుని పడుకున్నాడట. కారు చప్పుడైతే చాలు లేచి గోడ దూకడానికి.

ఇల్లంటే జగిత్యాలలో నేను కిరాయికుండే రెండు గదులు. వచ్చేసరికి పొద్దు పొడుస్తోంది. వాడికి చాప పరిచి, నేను నీళ్లకు పోయి వచ్చేలోపే నిద్రపోయాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. చెప్పులు బయట, ఒకటి ఇటు, ఒకటి అటు పడి ఉన్నాయి.

ఎనిమిదింటికల్లా మా ఊళ్లోంచి ట్రాక్టరు దిగింది. కులపెద్ద, లింగయ్య వాళ్లమ్మ, ఎస్టీడీ బూతువాడు, ఇంకా ఎవరెవరో, చచ్చి బతికినవాణ్ణి చూడాలని. గుమ్మం దగ్గర తోసుకుంటున్నారు. వీధిలో గోల, ట్రాక్టరు ఇంజను ఇంకా కొట్టుకుంటూనే ఉంది. వాడు కదల్లేదు. నోరు తెరుచుకుని, కాళ్లు గోడకు చాపి గురక పెడుతున్నాడు.

నేను గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.

“ఉన్నడు. పండుకున్నడు” అన్నాను. “ఎవలు లేపకుండ్రి. మాపటీలి రాండ్రి.”